కొట్టే చేపను నాలుగు రోజులు బకెట్లో ఉంచి చూడండి

అక్వేరియంలో ఒక చేప మిగతావాటిని తరిమి తరిమి కొరుకుతోందనీ, దాన్ని తీసేయడం తప్ప దారి లేదా అనీ అడిగారు. చివరికి తీసేయాల్సి రావచ్చు. ముందు తొట్టి సంగతి చూడండి. చాలా ఇళ్లలో గొడవంతా చోటు దగ్గరే వస్తుందని నా గట్టి నమ్మకం.

మేం చెన్నైలో, విల్లివాక్కంలో ఉంటాం. పక్కనే కొళత్తూరు. రంగు చేపలంటే ఇక్కడ అందరూ అక్కడికే వెళ్తారు. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి అక్కడ ఎర్రతోక షార్కును చూసి కావాలంది. ఒళ్లంతా నలుపు, తోక మాత్రం నిప్పులా ఎరుపు. పేరుకు షార్కే గానీ థాయ్‌లాండ్ ఏటి చేప, మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే. ఒక్కటే ఉంటే బిక్కుబిక్కుమంటుందని నేనే రెండు తీయించాను. కొట్టుకోవు కదా అని అడిగితే "ఒణ్ణుం పణ్ణాదు సార్" అన్నాడు దుకాణదారు. ఏమీ చేయవట. ఎదురుగా తొట్టి నిండా పిల్లలు కలిసే తిరుగుతున్నాయి, నమ్మేశాను.

అమ్మేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. అంత గుంపులో ఏ చేపకూ తనదంటూ ఒక మూల దొరకదు, అందుకే అక్కడ పోట్లాట కనబడదు. వేలెడు పిల్లను చూపించి అమ్ముతారు. అది అయిదంగుళాల దాకా పెరుగుతుందనీ, పెరిగాక తన జాతి చేపనే ఓర్వలేదనీ ఒక్కరూ చెప్పరు.

మాది రెండున్నర అడుగుల తొట్టి. ఆరు నెలలు బాగానే గడిచాయి. మే నెలలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మాయి తొట్టి ముందు కూర్చుని ఏడుస్తోంది. చిన్న షార్కు ఫిల్టరు వెనక గాజుకు అతుక్కుని, తల కిందికి పెట్టుకుని ఉంది. నల్లటి చేప బూడిదరంగుకు వచ్చేసింది. తోక చీలికలైపోయింది. మేత వేస్తే మెల్లగా బయటికి వచ్చింది. ఒక్క గింజ అందుకుందో లేదో, పెద్దది, దాక్కోవడానికి తొట్టిలో పెట్టిన కొబ్బరిచిప్పలోంచి దూసుకొచ్చి మళ్లీ ఫిల్టరు వెనక్కి తరిమింది. ఆకలితో ఉన్న ప్రాణి నోటి దగ్గరి తిండి వదిలేసి పారిపోవడం చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

దెబ్బతిన్నదాన్ని అక్కడే ఉంచి, కొట్టేదాన్ని తీశాను. తొట్టి నీళ్లే బకెట్లో పోసి, ఎయిర్ పంపు పెట్టి, గాలి ఆడేలా మూత వేసి నాలుగు రోజులు ఉంచాను. రోజూ కొంచెం నీళ్లు మార్చాను. ఈలోగా తొట్టిలో రాళ్లు, మొక్కలు అన్నీ చోటు మార్చేశాను. ఒక్క చిప్ప ఉన్నచోట మూడు పెట్టాను, ఒకదాంట్లోంచి ఇంకోటి కనబడకుండా. అయిదో రోజు రాత్రి లైటు ఆపేశాక పెద్దదాన్ని వదిలాను. తెల్లారేసరికి అది కాపలా కాసిన మూల లేదు. అదే కొత్తగా వచ్చినట్టు గోడవారగా తిరిగింది. చిన్నది మూడోరోజుకల్లా నడిమధ్య మేత తింది.

మూడు వారాలు అలా గడిచాక మళ్లీ మొదలైంది. ఆ జాతి రెండింటికి రెండున్నర అడుగులు చాలవు. అంబత్తూరులో నాలుగడుగుల తొట్టి ఉన్న సహోద్యోగికి పెద్దదాన్ని ఇచ్చేశాను. పది రోజుల్లో చిన్నదానికి మళ్లీ నలుపు తిరిగింది. వేరే జాతుల మధ్య గొడవైతే మాత్రం రాళ్లు మార్చడంతోనే సర్దుకోవడం మా ఇంట్లో రెండుసార్లు చూశాను.

అసలు ప్రతి చేపనూ జత జతగా కొనే అలవాటే మనవాళ్లు మానుకోవాలి. టైగర్ బార్బు చేపలు రెండో మూడో ఉంటే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి. అవే ఎనిమిది, పది ఉంటే చాలావరకు వాటిలో అవే తరుముకుంటాయి. అయినా పొడుగు రెక్కల ఏంజెల్ చేపల దగ్గర వాటిని ఎప్పుడూ పెట్టకండి. ఫైటర్ చేపల్లో మగవి రెండు ఒకే తొట్టిలో అసలే వద్దు. ఇంకోటి, హాల్లో అందంగా ఉంటుందని ఎత్తైన, ఇరుకు తొట్టెలు అంటగడతారు. అడుగున తిరిగే చేపకు ఎత్తు దేనికి? దానికి కావాల్సింది పొడవు.

మీ తొట్టి పొడవెంతో, ఏ చేపలు ఎన్నున్నాయో రాయండి, చూసి చెబుతాను. కొట్టే చేపను మాత్రం ఈ రాత్రికే వేరు చేయండి. రెక్కలు చినిగిన చేప తిండి మానేసిందంటే ఎక్కువ రోజులు ఆగదు.