రెజ్యూమెలో గోరంతలు, కొండంతలు

ప్రశ్న: పీజీకి అప్లై చేస్తున్నాను. డిగ్రీ మూడేళ్లూ కోడింగ్ క్లబ్‌లో నా పేరుంది కానీ వెళ్లింది ఆరేడు మీటింగులకే. ఒక టెక్ ఫెస్ట్‌కి మాత్రం రెండు వారాలు వాలంటీరుగా ఉండి రిజిస్ట్రేషన్ డెస్క్ చూశాను. క్లబ్‌కి ‘కోర్ మెంబర్, మూడేళ్లు’ అనీ, ఫెస్ట్‌కి ‘ఆర్గనైజర్’ అనీ రాసుకోమంటోంది స్నేహితురాలు. అందరూ అలాగే రాస్తారట. నిజమేనా?

జవాబు: కొందరు రాస్తారు. మీరు మాత్రం క్లబ్ లైను తీసేసి, ఫెస్ట్ లైను వివరంగా రాయండి. పెద్దదనుకుంటున్న దాంట్లో చెప్పడానికేమీ లేదు, సరుకంతా మీరు చిన్నదనుకున్న దాంట్లోనే ఉంది.

అబద్ధం ఎక్కువగా దూరేది హోదా, తేదీలు, గంటలు, ఫలితం అనే నాలుగు చోట్ల. హోదా అంటే ఆ సంస్థ మీకిచ్చినదే. ఇవ్వకపోతే చేసిన పనినే రాయండి. తేదీలకు నెలలు తప్పనిసరి: 2022 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా అంటే 14 నెలలు. దాన్నే ‘2022–2024’ అని రాస్తే చదివేవారికి మూడేళ్లలా కనిపిస్తుంది. అక్షరం తప్పు లేకుండానే అబద్ధమైపోతుంది.

ఎక్కువమంది తప్పేది గంటల దగ్గర. వారానికి 3 గంటల పనిని ఏడాదికి 52 వారాలతో గుణిస్తే 156 వస్తుంది. పరీక్షలు, సెలవులు పోగా సెమిస్టర్‌కి 12 వారాలే పనిచేసి ఉంటే, రెండు సెమిస్టర్లకు నిజమైన లెక్క 72. అన్నీ రాశాక మొత్తం కూడి చూసుకోండి. ఒకే సెమిస్టర్‌లో ఆరు కార్యక్రమాలు, ఒక్కోదానికి వారానికి 10 గంటలు, పైగా మంచి మార్కులు అంటే ఏ కమిటీ అయినా ఒకసారి ఆగి చూస్తుంది.

ఫలితం దగ్గర మీ వాటా చెప్పండి. మీ ఫెస్ట్ లైను ఇలా ఉండొచ్చు (అంకెలు మీవి వేసుకోండి): ‘వాలంటీర్, రిజిస్ట్రేషన్ డెస్క్, ఆరుగురి బృందం, 2 వారాలు, సుమారు 56 గంటలు, అక్కడికక్కడే పేరిచ్చేవారి కోసం వేరే షీటు తయారుచేశాను.’ ఆ షీటు ఎందుకు అవసరమైంది, మొదటిరోజు ఎక్కడ తేడా వచ్చింది అని ఇంటర్వ్యూలో అడిగితే మీరు తడుముకోరు. ‘ఆర్గనైజర్’ అని రాసుంటే బడ్జెట్ ఎంత, స్పాన్సర్లను ఎవరు తెచ్చారు అని అడుగుతారు. అప్పుడేం చెబుతారు?

రెజ్యూమె ఒంటరిగా వెళ్లదని కూడా గుర్తుంచుకోండి. అప్లికేషన్ ఫారం, ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం), లింక్డ్‌ఇన్, రికమెండేషన్ లెటర్ దాని పక్కనే ఉంటాయి. ‘కోర్ మెంబర్’ అని మీరు రాసి, ‘అప్పుడప్పుడూ వచ్చేది’ అని ప్రొఫెసర్ రాస్తే ఎవరిని నమ్ముతారో చెప్పనక్కర్లేదు. అందుకే ఏ లైను రాసినా, ఆరోజు పక్కనున్నవారికి చదివి వినిపిస్తే తలూపుతారా అని చూసుకోండి.

ఇంత తంటా పడి గొప్పలు రాసుకున్నా దక్కేదీ తక్కువే. పీహెచ్‌డీకీ, పరిశోధన ప్రధానమైన మాస్టర్స్‌కీ క్లబ్బుల బరువు స్వల్పం. అక్కడ చూసేది పరిశోధన అనుభవం, లెటర్లు. ఎంబీఏలో నాయకత్వానికి విలువ ఎక్కువే కానీ, సీటిచ్చాక వివరాలను బయటి ఏజెన్సీలతో తనిఖీ చేయించే స్కూళ్లు ఉన్నదీ అక్కడే.

ప్రశ్న: నేను నడిపిన పుస్తక చర్చా బృందం మూతపడింది, సర్టిఫికెట్ లేదు. రాయవచ్చా?

జవాబు: నిక్షేపంగా. పాత ఈమెయిళ్లు, పోస్టర్లు, ఫొటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అడిగితే ధ్రువీకరించగల ఒకరి పేరు, ముందుగా వారి అనుమతి తీసుకుని, సిద్ధంగా ఉంచండి. పాత తేదీతో సర్టిఫికెట్ చేయించుకునే ఆలోచన మాత్రం వద్దు. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఫోర్జరీ.

ప్రశ్న: కోశాధికారిగా ఉండి ‘అధ్యక్షుడు’ అని రాసి అప్లికేషన్ పంపేశాను. ఇప్పుడు భయంగా ఉంది.

జవాబు: నిర్ణయం రాకముందే అడ్మిషన్ల ఆఫీసుకు మీరే మెయిల్ చేయండి. నాలుగు ముక్కలు చాలు: అప్లికేషన్ నంబరు, తప్పు ఏ విభాగంలో ఉంది, ఏం రాశారు, ఏం ఉండాలి. సరిచేసిన రెజ్యూమె జతచేయండి, ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పండి. కారణాల చిట్టా వద్దు. గంటల్లో రెండు మూడు అటూ ఇటూ అయితే కదిలించక్కర్లేదు గానీ, హోదా తప్పు అలాంటిది కాదు. ఇచ్చిన వివరాలన్నీ నిజమని ఫారం చివర మీరు సంతకం చేసే ఉంటారు. అది అబద్ధమని తేలితే సీటు రద్దు కావచ్చు, చదువు పూర్తయ్యాక పట్టా కూడా వెనక్కి తీసుకోవచ్చు. కాలం గడిస్తే మరుగున పడుతుందనీ అనుకోకండి. 1979లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి చేరేటప్పుడు తనకు లేని డిగ్రీలు రాసుకున్న ఒక ఉద్యోగిని తర్వాత అక్కడే అడ్మిషన్ల డీన్ అయ్యారు. సంగతి బయటపడి 2007లో రాజీనామా చేశారు.