వేడెక్కినా దిగని ఆర్పీఎం

ప్రశ్న: మాది పదేళ్ల పెట్రోల్ కారు. వరదల్లో ఓసారి నీళ్లు పారుతున్న కాజ్‌వే దాటించాం. నెల తిరక్కుండానే ఇంజిన్ రేస్ అవడం మొదలైంది. అరగంట నడిపి, ఇంజిన్ ఆపకుండా బండి నిలిపినా ఆర్పీఎం 1500 నుంచి దిగదు. పొగలో పెట్రోల్ వాసన, మైలేజీ పడిపోయింది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు, టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) కడిగించాం. ఇప్పుడు ఐడిల్ వాల్వు (బండి నిలిచి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు గాలి అందించేది) మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: అప్పుడే వద్దండి. ఐడిల్ వాల్వు ఇరుక్కున్నా, వాక్యూమ్ పైపు చీలినా ఆర్పీఎం పెరుగుతుంది గానీ, మామూలుగా ఇంత పెట్రోల్ వాసన రాదు. అనుమానమంతా కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ మీదికి, అంతకన్నా ముందు దాని కనెక్టర్ మీదికి పోతోంది.

ఈ సెన్సార్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. నీళ్లు దిగిన కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పడితే, ఆ చిలుము రెసిస్టెన్సూ దీనికి తోడవుతుంది. ఇంజిన్ 85 డిగ్రీల్లో ఉన్నా ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) 20 అని కనిపిస్తుంది. ఇంకా చల్లగానే ఉంది కదా అని అది పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఐడ్లింగ్ పెంచుతుంది. తీగ పూర్తిగా తెగి ఉంటే మైనస్ 40 చూసి లైటు వెలిగించేదే. 20 నమ్మదగ్గ అంకె, అందుకే ఊరుకుంది. ముల్లుకు మీ కారులో వేరే సెన్సార్ ఉండి ఉండాలి. పాత మోడళ్లలో చాలావాటికి అంతే.

రాత్రంతా నిలిపిన కారుకు పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ ఆన్‌లో స్కానర్ పెట్టించండి. కూలెంట్, లోపలికి వెళ్లే గాలి, ఈ రెండు టెంపరేచర్ల మధ్య నాలుగైదు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఆ తర్వాత ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, వైరింగ్ వైపు పిన్నులు రెండింటినీ చిన్న తీగతో కలిపి మళ్లీ ఆన్ చేయండి (రెండు తీగల సెన్సార్‌కే ఈ పని). స్కానర్‌లో కూలెంట్ అంకె 120 దాటి ఎగరాలి. ఎగరలేదా, తప్పు వైరింగ్‌లోనే.

సెన్సార్‌ని మల్టీమీటర్‌తో విడిగా చూడండి. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు కిలో ఓములు, 80 దగ్గర 300 ఓముల చుట్టుపక్కల వస్తుంది. విప్పి వేడినీళ్ల గ్లాసులో ముంచితే, నీళ్లు చల్లారేకొద్దీ అంకె నిదానంగా పెరగాలి. మధ్యలో ఎగిరి దూకితే సెన్సార్ పోయినట్టే. అది బాగుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చిలుము గీకించి, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తడి దిగనివ్వనిది) రాయించండి. పిన్ను తినేసి ఉంటే గీకి లాభం లేదు, కనెక్టరే మార్చాలి.

ప్రశ్న: మా కారుకూ ఇదే తంటా. కూలెంట్ సెన్సార్ కొత్తది వేశాం. అయినా ఆర్పీఎం 1200 దగ్గరే ఉంటోంది.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వనిది) ఉందో లేదో ముందు అడగండమ్మా. ఎండలకు మంచిదని మన దగ్గర పీకి పారేస్తుంటారు, అది తప్పు. ఆ వాల్వు లేని ఇంజిన్ వేడి హైవే మీద 60, 65 డిగ్రీలు దాటకపోవచ్చు. అప్పుడు సెన్సార్ చెప్పేది నిజమే. కంపెనీ చెప్పిన డిగ్రీలదే తిరిగి వేయించండి. రేడియేటర్‌లో ఉప్పు బోరు నీళ్లు పోసి ఉంటే అదీ కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. లోపల గాలి బుడగ మిగిలితే కొత్త సెన్సార్ కూడా తప్పే చెబుతుంది. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కూలెంట్ నింపుతూ ఉండమనండి. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోనివ్వకండి.