సేటు కంటే ముందు మేస్త్రి

ప్రశ్న: మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు గుమస్తాను. సీజన్‌లో తడి వడ్లు, ఎండిన వడ్లు ఒకే నెట్టులో (బస్తాల దొంతరలో) వేస్తున్నారు. కొన్నాళ్లకే లోపలి బస్తాలు వేడెక్కి గింజ పసుపెక్కుతోంది. తడి లోడ్లు విడిగా దించాలని సేటుకు రెండుసార్లు చెప్పాను. ‘నువ్వు లెక్కలు రాసుకో’ అన్నారు. నా మాట ఎట్ల చెల్లుతుంది?

జవాబు: సేటు ఏం చెప్పినా, లోడు ఎక్కడ దిగాలో గేటు దగ్గర తేల్చేది హమాలీ మేస్త్రే. కూలి బస్తా లెక్కన కాబట్టి తడి నెట్టు దూరమైతే ఆ నడక వాళ్ల నెత్తినే. ముందు ఆయన్ని అడగండి: ‘అన్నా, తడివి ఎక్కడ వేస్తే మీకు మోత తగ్గుతది?’ డ్రయ్యర్ పక్కన జాగా ఉంటే రెండోసారి మోసే పనీ తప్పుతుంది.

తర్వాత లెక్క. పది లోడ్లు చాలు. దించేటప్పుడు పైవరుసలో రెండు, నడుమ రెండు, అడుగున ఒక బస్తా గింజలు తీసి, దేనికది తేమ మీటర్‌లో చూసి రాయండి. అయిదూ కలిపి కొలిస్తే సగటు 16 శాతం రావచ్చు. 20 ఉన్న బస్తా అందులో దాక్కుంటుంది. డ్రయ్యర్‌లోంచి దిగిన వేడి గింజను చల్లారనివ్వకుండా కొలవొద్దు, అంకె తప్పొస్తుంది. మీటరు కూడా మార్చొద్దు.

సేటుకు తేమ శాతాలు కాదు, రూపాయలు చూపండి. సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి తిరిగిచ్చే బియ్యం) రా రైస్‌లో, అంటే ఉప్పుడు కాని బియ్యంలో, రంగు మారిన గింజ 3 శాతం దాటితే లాట్ తీసుకోరు. తిరుగు లారీ కిరాయి, ఎత్తుడు దించుడు కూలి, మళ్లీ సార్టెక్స్ (రంగు గింజలు ఏరే యంత్రం) పట్టిన కరెంటు... ఇవన్నీ మీ చిట్టాలోనే ఉన్నాయి. మిల్లులో ఇంకెవరి దగ్గరా లేని బలం ఇది, గుమస్తాకే ఉంది.

దళారులు, రైతులు కూర్చున్నప్పుడు ఎత్తొద్దు. నలుగురిలో కాదన్న మాటను సేటు మళ్లీ అవుననరు. రాత్రి చిట్టా కట్టాక ఒక్క కాగితంతో వెళ్లండి. పద్ధతి మార్చమనకండి, ‘వారం రోజులు ఒక్క నెట్టు వేరుగా వేసి చూద్దామా సేటూ, జాగా మేస్త్రి చూపెట్టిండు’ అనండి. మేస్త్రి పేరు చెప్పకుండా వదిలేస్తే రెండో వారం ఆయన సాయం కూడా పోతుంది.

పది లోడ్లలోనూ బస్తాకూ బస్తాకూ తేడా 1 శాతం లోపే వస్తే ఈ మాట వదిలేయండి. అప్పుడు నెట్టు కింద చెక్కలున్నాయా, గోడకు ఆనించి వేశారా అన్నది చూడాలి.