రాయి వయసు వేరు, కథ వయసు వేరు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

రడ్‌స్టన్ నిలువురాయి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్ళు కలం పట్టితే సాధారణంగా లండన్ గురించి రాస్తారు. నువ్వు ఈస్ట్ యార్క్‌షర్‌లోని ఒక చిన్న ఊరిలో, చర్చి ఆవరణలో, సమాధుల మధ్య నిలబడి ఉన్న రాయిని ఎంచుకున్నావు. ఎంపిక నచ్చింది. అయితే ఆ రాయి చుట్టూ అల్లుకున్న కథలన్నిటినీ "స్థానికులు ఇలా చెప్పుకుంటారు" అనే ఒక్క మాట కింద పోగుచేశావు. ఎవరు చెప్పుకున్నారు, ఎప్పుడు చెప్పుకున్నారు అన్న ప్రశ్న వ్యాసంలో ఎక్కడా లేదు. రాయికి ఉన్నట్టే దాని గురించిన ప్రతి కథకూ ఒక వయసు ఉంటుంది. ఆ వయసు కనిపెట్టకుండా జానపదం గురించి రాయడం మొదలుపెట్టకు.

ముందు నీ మొదటి పేరా సంగతి. "యుగయుగాల మౌనసాక్షి" అన్న మాట ఏ రాయికైనా సరిపోతుంది కనుక ఈ రాయికి అక్కరలేదు. దాని ఎత్తు 7.6 మీటర్లు, అంటే సుమారు 25 అడుగులు. బ్రిటన్‌లోని నిలువురాళ్ళలో ఇదే అతి పొడవైనది. బరువు 40 టన్నులు ఉండవచ్చునని అంచనా. ఊరు ఉన్నది సుద్దరాతి నేల మీద. ఈ రాయి మాత్రం గరుకైన ఇసుకరాయి. అటువంటి రాయి దొరికే అతి దగ్గరి చోటు ఉత్తరాన దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో, కేటన్ అఖాతం ప్రాంతపు సముద్రతీరంలో ఉంది. ఈ వివరాలను నువ్వు నాలుగో పేజీలో దాచిపెట్టావు. వీటితోనే మొదలుపెడితే, ఇంత బరువును ఇక్కడికి ఎందుకు తెచ్చారన్న ప్రశ్న నువ్వు అడగకుండానే పాఠకుడికి పుడుతుంది.

ఇక సైతాను కథ. చర్చిని చూసి కోపం పట్టలేక సైతాను ఈ రాయిని ఈటెలా విసిరాడనీ, దైవకృప వల్ల గురి తప్పి గోడ పక్కన దిగబడిందనీ చెబుతారు. దీన్ని నువ్వు "వేల ఏళ్ళ నాటి విశ్వాసం" అన్నావు. చర్చి లేకుండా చర్చి మీద ఈటె ఎవరు విసురుతారు? అక్కడి చర్చి నార్మన్ కాలపు కట్టడం, అంటే 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తర్వాతిది. రాయి నిలిపినది నవీన శిలాయుగం చివరలోనో కంచుయుగం తొలినాళ్ళలోనో అని పండితుల అభిప్రాయం. ఆ లెక్కన రాయికీ చర్చికీ మధ్య కనీసం రెండున్నర వేల ఏళ్ళు గడిచాయి. నిజానికి రాయి దగ్గరకు చర్చి వచ్చింది. కథలో చర్చి దగ్గరకు రాయి వచ్చింది. ఈ తారుమారే నీ వ్యాసానికి ప్రాణం కావలసింది. గుడి పక్కన తమది కాని కొలుపు గుర్తు ఒకటి తలెత్తుకొని నిలబడి ఉంటే, దాన్ని పెకలించలేని జనం దాన్ని ఓడిపోయిన శత్రువు ఆయుధంగా మార్చుకున్నారు.

పైగా ఈ కథ రడ్‌స్టన్ సొంతం కూడా కాదు. అదే యార్క్‌షర్‌లో బరోబ్రిడ్జ్ దగ్గర నిలిచిన మూడు పెద్ద రాళ్ళను "సైతాను బాణాలు" అంటారు. అక్కడ కూడా సైతాను ఒక ఊరి మీదికి విసరడమే, గురి తప్పడమే. ఊరూరా తిరిగే కథ ఒక రాయి దగ్గర బస చేసినంత మాత్రాన అది ఆ రాయి జ్ఞాపకం అయిపోదు.

చర్చి అక్కడే ఎందుకు వెలిసిందో చెప్పడానికి, 601లో పోపు గ్రెగరీ రాసిన లేఖను ఉదహరించావు. అన్యమతస్థుల ఆలయాలను పడగొట్టకుండా శుద్ధిచేసి వాడుకొమ్మని ఆయన చెప్పిన మాట నిజమే. కానీ ఆ లేఖ ఆలయాల గురించినది. ఈ రాయికీ దానికీ ముడివేసే పత్రం ఏదీ నువ్వు చూపలేదు. దాన్ని నేపథ్యంగా ఉంచు, రుజువుగా నిలబెట్టకు.

డ్రూయిడ్లనే ప్రాచీన కెల్టిక్ పూజారుల పేరాను పూర్తిగా కొట్టేయమని నా సలహా. వాళ్ళు ఇనుపయుగపు మనుషులు, ఈ రాయి వాళ్ళకే ప్రాచీనం. నిలువురాళ్ళను వాళ్ళకు అంటగట్టిన ఘనత పురావస్తువుల మీద ఆసక్తితో రాసిన 17వ శతాబ్దపు జాన్ ఆబ్రీది, 18వ శతాబ్దపు విలియం స్టూక్లీది. 18వ శతాబ్దం చివరలో సర్ విలియం స్ట్రిక్‌లండ్ ఈ రాయి మొదలు చుట్టూ తవ్వించి, పైన కనిపించినంత పొడవే నేలలోనూ ఉందని చెప్పాడు. పుర్రెలు కూడా దొరికాయనీ, అవి బలి ఇచ్చినవారివి కావచ్చుననీ అన్నాడు. శ్మశానంలో తవ్వితే పుర్రెలు దొరకడంలో వింత ఏముంది? ఆ నాటి చదువరులకు డ్రూయిడ్ల మోజు ఎంత ఉండేదో తెలిస్తే, ఆయనకు బలులు ఎందుకు తోచాయో నీకే అర్థమవుతుంది. పొడవు లెక్కను కూడా ఆయన పేరుతోనే చెప్పు, నీ మాటగా చెప్పకు.

రాయి మీద డైనోసార్ అడుగుజాడలున్నాయనీ, అందుకే పూర్వులు దాన్ని పవిత్రంగా ఎంచారనీ చివర్లో రాశావు. స్కార్‌బరో తీరపు రాళ్ళలో అలాంటి జాడలు దొరకడం వాస్తవం. అయితే డైనోసార్ అనే మాటను రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త కల్పించినదే 1842లో. అంతకు ముందు ఎవరైనా ఆ గుర్తులను చూసి ఉంటే ఏమనుకున్నారో మనకెలా తెలుస్తుంది? సైతాను కథ పల్లె జానపదమైతే ఇది చదువుకున్నవాళ్ళ జానపదం. రెండిటినీ పక్కపక్కన పెట్టి అలాగే చెప్పు, ఒకదాన్ని మూఢనమ్మకమనీ మరొకదాన్ని శాస్త్రమనీ విడదీయకు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినది జిప్సీ రేస్ వాగు. ఊరి దగ్గర వంపు తిరిగే ఆ వాగు ఏడాదిలో చాలాకాలం ఎండి ఉంటుంది. ఉన్నట్టుండి పొంగితే ప్లేగో యుద్ధమో ముంచుకొస్తుందని నమ్మి దాన్ని "శోకజలాలు" అని పిలిచారు. సుద్దనేల వాన నీటిని తాగి, లోపల నీటిమట్టం పెరిగాకనే బయటికి వదులుతుంది. అందుకే వాన వెలిసిన చాలాకాలానికి, ఆకాశంలో మబ్బు లేనప్పుడు కూడా వాగు పారుతుంది. భయానికి ఆధారం ఆ నేల గుణంలోనే ఉందన్నమాట. 12వ శతాబ్దంలోనే న్యూబర్గ్ విలియం అనే చరిత్రకారుడు ఈ వాగుల ప్రస్తావన చేశాడు కనుక, నీ వ్యాసంలోని నమ్మకాలలో లిఖిత సాక్ష్యంతో వయసు చెప్పగలిగినది ఇదే. దీనికి కనీసం రెండు పేరాలు ఇవ్వు.

ఆ చుట్టుపక్కల పొలాల్లో నాలుగు కర్సస్‌లు ఉన్నాయి. అంటే ఎంతో దూరం సాగే జంట కందకాల బాటలు. వాటిలో మూడు ఈ రాయి వైపే సాగినట్టు కనిపిస్తాయి. దున్నకాల్లో చాలావరకు చెరిగిపోయి, ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లోనే బాగా తెలుస్తాయి. వాటి గురించి ఊళ్ళో ఏ కథా పుట్టినట్టు నీ వ్యాసంలో లేదు. లేకపోతే లేదనే చెప్పు, నువ్వు కొత్తగా పుట్టించకు.

సవరించిన ప్రతిలో ప్రతి కథ పక్కన మార్జిన్‌లో, అది ఏ శతాబ్దానికి ముందు పుట్టి ఉండడానికి వీల్లేదో పెన్సిల్‌తో రాసి పంపు. ఆ అంకెలు అచ్చులో ఉండనక్కరలేదు, నేను చూస్తే చాలు.

ఆశీస్సులతో.