పియానో బేస్ బ్రిడ్జి చీలితే కొత్తది చేయించవచ్చా?

పాత నిలువు పియానోలో బేస్ బ్రిడ్జి, అంటే మంద్ర స్వరాల తీగల కంపనాన్ని సౌండ్‌బోర్డు అనే పలకకు చేరవేసే చెక్క దిమ్మ, తీగల్ని చోటు కదలకుండా పట్టే లోహపు పిన్నుల వరుస వెంట చీలిందని, కొత్తది చేయించవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయించవచ్చు. చాలాసార్లు మొత్తం బ్రిడ్జి కూడా అక్కర్లేదు, పిన్నులుండే పై పలక మారిస్తే చాలు.

కలప హార్డ్ మేపుల్ గానీ బీచ్ గానీ అయి ఉండాలి. మెత్తటి చెక్కలో తీగల ఒత్తిడికి పిన్నులు వదులైపోతాయి.

అసలు పనంతా కొలతల్లోనే ఉంది. తీగలు విప్పకముందే బ్రిడ్జి ఎత్తు, తీగ దాన్ని ఎంత అదుముతోందో రాసుకోవాలి. విప్పాక పాత బ్రిడ్జి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే ప్రతి పిన్ను చోటూ అచ్చుపడుతుంది. దాన్నే కొత్త చెక్క మీదికి దించుకోవాలి. రంధ్రాలు పిన్ను కన్నా పిసరంత సన్నగా, పాత వాలులోనే వేయాలి.

ఇక గాడి చెక్కడం, అంటే పిన్నుల దగ్గర బ్రిడ్జి అంచును వాలుగా కోసేయడం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఈ ఉలిపనే. గాడి అంచు సరిగ్గా పిన్నుల మధ్యగీత మీదికి రావాలి, తీగ చెక్కనీ పిన్నునీ ఒకేచోట వదలాలి. అది తేడా వస్తే ఒక్క తీగలోనే స్వరం అలలుగా ఊగుతుంది, ఎంత ట్యూన్ చేసినా పోదు. పిన్నులు దిగ్గొట్టే ముందు బ్రిడ్జి పైభాగానికి గ్రాఫైట్ రుద్దుతారు, తీగ సులువుగా జారడానికి.