డికాషన్ రంగు మూత్రం అంటే కామెర్లే కానక్కర్లేదు

కావలి నుంచి అడిగిన అన్నా, ఫ్లూ జ్వరం తగ్గిన మూడో రోజు మీ తమ్ముడికి తొడలు, పిక్కలు పట్టేసి లేవలేకపోతున్నాడని, మూత్రం డికాషన్ రంగులో ఉందని, లివర్ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ పెరిగిందని, కామెర్లనుకుని పసరు పోయిద్దామంటున్నారు. వద్దు. ఎస్‌జీఓటీ కండరంలోనూ ఉంటుంది. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలుగా ఉంటే వైరస్ దెబ్బకు కండ కరుగుతోందనే అనుమానించాలి. ఇవాళే సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించండి. సీపీకే మామూలుగా 200 అటూఇటూ. 5000 దాటితే కిడ్నీకి ముప్పు. మూత్రం స్ట్రిప్‌లో రక్తం అని వచ్చి, మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనపడకపోతే అది మయోగ్లోబిన్ (కండ కరిగితే బయటికొచ్చే ప్రోటీన్) అయ్యే అవకాశం ఎక్కువ. నొప్పికి డైక్లోఫెనాక్ సూది అసలొద్దు, కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. కండలో గుచ్చినందుకే సీపీకే కూడా కాస్త పెరుగుతుంది. కొబ్బరినీళ్లూ ఆపండి, వాటిలో పొటాషియం ఎక్కువ. సెలైన్ గట్టిగా ఎక్కాలి. నెల్లూరో ఒంగోలో, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరండి.