నీ పంది గూడు గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పారిస్ జూలోని ఫిలిప్పీన్స్ అడవి పందిని కథకు ఎంచుకోవడం బాగుంది. కానీ నాలుగో పేజీలో "మాతృత్వపు మధురిమతో అందమైన గూడు అల్లుకుంది" అన్నావే, అక్కడ కాగితాలు పక్కన పడేశాను.

అల్లేది గిజిగాడు. పంది తవ్వుతుంది. ముట్టెతో నేల పెళ్లగించి, ముందుకాళ్లతో మట్టి వెనక్కి తోస్తుంది. ఒళ్లు పట్టేంత గుంట పడ్డాక గడ్డీ ఆకులూ పుల్లలూ నోట కరుచుకొచ్చి పోస్తుంది. సర్దుతుంది, పడుకుని చూస్తుంది, లేచి మళ్లీ సర్దుతుంది. ఈ క్రియల్ని వరసలో రాస్తే చాలు, మధురిమ పాఠకుడే తెచ్చుకుంటాడు. సంపాదకుల కోసం రాసుంటావులే. పంది అనగానే ముక్కు మూసుకుంటారు, తల్లి పంది అంటే కళ్లు తుడుచుకుంటారు!

ఇంకోటి, నీ పంది వారం ముందే మొదలెట్టింది. ఊరపందుల్లో అయితే ఈనడానికి సుమారు ఒక రోజు ముందు మొదలై, ఈనడానికి ఇంకా 12 నుంచి 6 గంటలు ఉందనగా జోరందుకుంటుంది. మొదలుపెట్టించేది లోపలి హార్మోన్లు. ఆపించేది ఒంటికి తగిలే గూడు. అందుకే గచ్చు మీద, ఇనుప చట్రంలో, గడ్డిపరక లేకుండా కట్టేసిన పంది కూడా గిట్టతో గచ్చును గీరుతుంది, కమ్మీలు కొరుకుతుంది. తవ్వడానికి మట్టి లేదు, తవ్వడం మాత్రం ఆగదు. "బందీ అయిన తల్లి ఆక్రోశం" అని పేజీన్నర రాశావు. అది కొట్టేసి గిట్ట చప్పుడు ఒక్కటి రాయి.

అసలు ముక్క వదిలేశావు. ఆ జూలోనే 2015లో ప్రిసిల్లా అనే ఆడపంది, సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న చెట్టు బెరడు నోట కరుచుకుని మట్టి తోడింది. ఆ సంగతిని 2019లో పరిశోధకులు వ్యాసంగా అచ్చు వేశారు. పందుల్లో పనిముట్టు వాడకం అలా నమోదవడం అదే మొదలు. విచిత్రమేంటంటే ముట్టె, గిట్టలే బెరడు కన్నా బాగా తవ్వుతాయి. అయినా గూడు కట్టే పని మధ్యలో బెరడు పట్టుకుంది. ఎందుకో చెప్పకు. పట్టుకుంది, తోడింది, వదిలేసింది అని రాసి ఊరుకో.

ఏ పత్రికకు పంపాలన్నావు, తర్వాత చూద్దాం. ముందు గుంట దగ్గర్నుంచి తిరగరాయి. అన్నట్టు, పిల్లల ఒంటి మీద చారలు మర్చిపోయావు.